దివాణములో విడిది

మన పెండ్లిండ్లలో విడిది యని యొక మర్యాద కలదు. మగపెండ్లివారు దిగుటకు ఆడపెండ్లివారు మంచి యిల్లొకటి చూచి, వెల్ల వేయించి, నీళ్లు తోడించి, కాఫీ ఫలహారములు సిద్ధము చేయించి యుంచుదురు. వచ్చినవారు ఒక్క పైస ఇయ్యనక్కరలేదు. పైపెచ్చు లోటుపాట్లు ఎంచుటకు వారికి హక్కు కూడ నుండును. సత్రములో బస దానిని కట్టించినవాని పుణ్యము. హోటలులో బసకు బిల్లు చెల్లింపవలెను. ఈ మూడింటికిని మన మనసులలో మూడు వేర్వేరు స్థానములు కలవు. అయితే వెనుకటి ప్రభువులు కాపురమున్న మేడలు కొన్ని నేడు హోటళ్లుగా మారి, బిల్లు చెల్లించినవారికి విడిది మర్యాదను అమ్ముచున్నవి. ఇది మేలా, కీడా? ఈ ప్రశ్నను శ్రోతలతో కలిసి ఆలోచింపదలచితిని. ఇందుకు హైదరాబాదులోని ఫలక్‌నుమా కంటె తగిన ఉదాహరణము దొరకుట కష్టము.

చార్మినారుకు దక్షిణముగా కొంత దూరము పోయినచో ఎత్తైన గుట్టయొకటి కనబడును. దాని మీద తెల్లని సౌధము. ఫలక్‌నుమా యను ఉర్దూ మాటకు ఆకాశమును పోలినది యని యర్థము చెప్పుదురు. చాలమంది దీనిని నిజాము ప్రభువు కట్టించినాడనుకొందురు. కాని దీనిని కట్టించినవాడు నవాబ్ వికారుల్ ఉమ్రా. ఈయన పైగా వంశమువాడు. హైదరాబాదు రాజ్యమున నిజాముకు తరువాతి అంతస్తు పైగా ప్రభువులది. నిజాము రక్షణకై సేనను పోషించుట వారి పూర్వులకు అప్పగింపబడిన పని. ఆ పోషణకై పెద్ద పెద్ద జాగీరులు వారికీయబడినవి. నిజాముల యింటి ఆడపడుచులను వివాహమాడు గౌరవము కూడ వారికుండెను. వికారుల్ ఉమ్రా స్వయముగా ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖానునకు బావ. 1893 మొదలు 1901 వరకు ఆ రాజ్యమునకు ప్రధానమంత్రి.

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలన్న మాట ప్రధానమంత్రులకు కూడ వర్తించునని ఈ మేడ చరిత్ర చెప్పుచున్నది. 1884లో పునాది పడినది. విలియం వార్డ్ మారెట్ అను వాస్తుశిల్పి నమూనా గీసినాడు. ఇటలీ నుండి పాలరాయి వచ్చినది. మెట్లకు, గోడలకు, పైకప్పులకు ఐరోపా దేశముల పనితనము వచ్చినది. పని ముగియుటకు దాదాపు తొమ్మిదేండ్లు పట్టినది. అప్పటికి నవాబుగారు అప్పులలో మునిగియుండిరి. ఆయన బేగము ఒక ఉపాయము చెప్పినదనియు, నిజామును అతిథిగా ఆహ్వానించి, ఆయన మేడను మెచ్చుకొనగానే దానిని నజరానాగా సమర్పించిరనియు, నిజాము దాని వెలను చెల్లించి స్వీకరించెననియు హైదరాబాదులో కథగా చెప్పుకొందురు. కథలో ఎంత యున్నను లేకున్నను, 1897 నాటికి మేడ నిజాము చేతికి వచ్చుట చరిత్ర. అతిథుల కొఱకు కట్టిన యిల్లు చివరకొక అతిథి పరమైనది.

అటు తరువాత అది రాజ్యమునకు విడిది యిల్లాయెను. తరువాత అయిదవ జార్జి చక్రవర్తియైన వేల్సు యువరాజు 1906లో హైదరాబాదు వచ్చినపుడు ఇందే దిగినాడు. మహబూబ్ అలీ ఖాను 1911లో ఇచ్చటనే కన్నుమూసినాడు. ఆయన కుమారుడు ఉస్మాన్ అలీ ఖాను కింగ్ కోఠీలో నివసించుచు, ఫలక్‌నుమాను పెద్ద అతిథుల కొఱకే యుంచినాడు. 1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున చేరినది. 1951లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు ఇచ్చట బసచేసిరి. ఆ పిమ్మట తలుపులు మూతపడినవి. కొన్ని దశాబ్దముల పాటు దుమ్ము, తేమ, నిశ్శబ్దము తప్ప ఆ మేడకు అతిథులు లేరు.

మనుష్యులు మెలగని యిల్లు త్వరగా పాడగునని మనకందరకు తెలిసినదే. పైకప్పులో ఒక పగులును సకాలమున చూచువాడు లేకున్నచో, రెండు వానకాలములలో గోడ సున్నము ఊడిపోవును. మూడవ వానకు దూలము నానును. ఇక వందలాది గజముల పాలరాయి, చెక్కిన కొయ్య, బంగారు పూత, గాజు దీపములు గల మేడ సంగతి చెప్పవలెనా? నిజాము వంశీయుల నుండి తాజ్ హోటళ్ల సంస్థ దానిని గుత్తకు గ్రహించినది. రాకుమారి ఎస్రా పర్యవేక్షణమున సుమారు పదేండ్లు మరమ్మతులు జరిగినవి. 2010 నవంబరులో అరువది గదుల హోటలుగా అది తిరిగి తెరువబడినది.

ఒక కార్యక్రమమునకై శబ్దములను సేకరించు పనిమీద అచ్చట ఒక రాత్రి గడపు అవకాశము నాకు కలిగినది. క్రింది ద్వారము కడ మోటారు దిగి గుఱ్ఱపు బండి యెక్కవలెను. గుట్ట పైకి బండి మెల్లగా నడచును. మెట్లు ఎక్కుచుండగా పై నుండి గులాబి రేకులు చల్లుదురు. లోపలి పాలరాతి మెట్ల ప్రక్క గోడ మీద బ్రిటిషు గవర్నరు జనరలుల చిత్తరువులు వరుసగా నున్నవి. గ్రంథాలయపు కొయ్య పైకప్పును ఇంగ్లండులోని విండ్సరు కోట గ్రంథాలయమును చూచి చెక్కించిరట. నాకు గది చూపిన యువకుడు పాతబస్తీ వాడు. అతడు ప్రతి కుర్చీ కథను, ప్రతి దీపము కథను తన తాతగారి యింటి సంగతి చెప్పినట్లు చెప్పినాడు. “చిన్నప్పుడు ఈ మేడను క్రింద నుండి చూచుచుంటిమి సార్, లోపల ఏమున్నదో మా వీధిలో ఎవరికిని తెలియదు” అన్నాడు.

భోజనశాలలో 101 మంది కూర్చుండదగిన బల్లయున్నది. ఒక కొనయందు కూర్చున్నవారు మెల్లగా మాటాడినను రెండవ కొనయందున్న వారికి వినబడునట్లు ఆ గది నిర్మింపబడినదని చెప్పుదురు. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సునకు వచ్చిన వారికి భారత ప్రధాని విందు చేసినది ఇచ్చటనే. శబ్దమే వృత్తిగా గలవాడను గనుక ఆ బల్ల కడ చాలసేపు నిలిచితిని. ఆ బల్ల చుట్టు కూర్చున్న ప్రభువులకు నూరవ కుర్చీలోని గుసగుస వినబడియుండును. కాని ఆ విందునకు పన్ను కట్టిన జాగీరు పల్లెల రైతు మాట వారి చెవిని పడెనా? జాగీరులలో పన్నుల వసూలు, న్యాయవిచారణ, పోలీసు అన్నియు ప్రభువు చేతిలోనే యుండెడివి. 1949లో జాగీరులు రద్దగు వరకు ఆ పద్ధతి సాగినది. ఇటలీ పాలరాతికి వెల నవాబుగారి సంచిలో నుండి వచ్చినది. ఆ సంచి మాత్రము పల్లెలలో నిండినది. హోటలులోని కథలలో వజ్రములు, దీపములు, విందులు వినబడును. ఈ రెండవ కథ అరుదుగా వినబడును.

రాత్రి ప్రొద్దుపోయిన తరువాత వసారాలో నిలిచితిని. క్రింద పాతబస్తీ దీపములు. ఫలక్‌నుమా స్టేషను నుండి రైలు కూత. వేకువన అనేక మసీదుల నుండి అజాను ఒకదాని వెంట నొకటి. నా పని ఆ శబ్దములనే పట్టుకొనుట. పైన నిశ్శబ్దమునకు ధర గట్టబడినది. క్రింద ఊరు తన పనిలో తానున్నది. ఒక రాత్రి అద్దె పదుల వేల రూపాయలు. ఆ వెల ఇచ్చుకొనలేని వారే ఈ దేశమున అధికులు. ముందుగా ఏర్పాటు చేసికొన్నచో భోజనమునకో తేనీటికో బయటివారిని కూడ రానిత్తురు గాని, అదియు చౌక కాదు.

అయినచో ఈ మార్పు కీడే యందమా? తొందరపడరాదు. పైగా వంశమున మూడు శాఖలు కలవు. ఆ మూడు శాఖల వారు కట్టిన మేడల గతిని చూడుడు. ఆస్మాన్ జా కట్టించిన బషీర్‌బాగు మేడ నేడు లేదు. దాని పేరు మాత్రము పేటకు మిగిలినది. బస్సు కండక్టరు ఆ పేరును ప్రతిదినము పిలుచును. అచ్చట మేడ యుండెనని ఎక్కినవారిలో ఎందరకు తెలియును? ఖుర్షీద్ జా దేవిడీ ఏండ్ల తరబడి శిథిలమై, స్తంభములు పెచ్చులూడుచు నిలిచినది. దాని ముంగిట పిల్లలు క్రికెట్టు ఆడుకొనుచుండిరి. మూడవ శాఖది ఫలక్‌నుమా. వికారుల్ ఉమ్రాయే తరువాత బేగంపేటలో కట్టించిన మేడ 2008 నుండి 2023 వరకు అమెరికా కాన్సులేటుగా నుండుటచే చెక్కు చెదరక నిలిచినది. ఫక్రుల్ ముల్క్ అను మరియొక ప్రభువు కట్టించిన ఇర్రం మంజిలును పడగొట్టి శాసనసభా భవనము కట్టవలెనని 2019లో ప్రభుత్వము నిర్ణయింపగా, అదే సంవత్సరము సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయమును త్రోసిపుచ్చినది. దీనిని బట్టి తేలునదేమనగా, మేడ నిలుచుటకు దానిలో ఏదో యొక పని జరుగవలెను. లేదా దాని కొఱకు న్యాయస్థానమునకు పోవు పౌరులుండవలెను. రెండును లేని మేడ పేరుగా మారును.

హోటలొక్కటే మార్గమా యన్నచో, కాదు. అదే నగరమున చౌమహల్లా మరమ్మతు పొంది, 2005 నుండి ప్రదర్శనశాలగా నున్నది. టిక్కెట్టు కొన్న ప్రతివాడును నిజాముల దర్బారు మందిరమున నిలువవచ్చును. బడిపిల్లలు బారులుగా వచ్చుచుందురు. అయితే ప్రదర్శనశాలలో కుర్చీకి త్రాడు కట్టియుండును. దీపము చూచుటకే గాని చదువుకొనుటకు కాదు. హోటలులో ఇల్లు ఇల్లుగానే యుండును: పడక మీద పండుకొందురు, బల్లపై భుజింతురు, మేజోళ్లతో మెట్లు దిగుదురు. ఒకటి ఇంటి రూపమును అందరికి చూపుచున్నది. మరియొకటి ఇంటి వాడుకను కొందరికి ఇచ్చుచున్నది. నగరమునకు రెండును కావలెను.

కావున నా మనవి యిది. పూర్వము అతిథి వచ్చినచో ఇంటివాడు అప్పుల పాలగుచుండెను. నేడు అతిథి ఇచ్చు సొమ్ముతో ఇంటికి సున్నము పడుచున్నది. ఇది అవమానకరమైన బేరము కాదు. కాని ఒక చరిత్రను గుత్తకు తీసికొన్నవారు దాని సగమునే చెప్పరాదు. నవాబుగారి విందుతోపాటు రైతు కట్టిన పన్నును గూడ అతిథికి చెప్పవలెను. విని అతని నిద్ర చెడదు, ఇంటి విలువ తగ్గదు. ఏడాదికి కొన్ని దినములైనను గుట్ట క్రింది వీధుల పిల్లలకు ఆ మెట్లు ఉచితముగా ఎక్కు అవకాశము కల్పింపవలెను. ఆ వీధుల తాతలు ముత్తాతలలో రాయి మోసినవారుందురు, సున్నము నూరినవారుందురు. విడిది మర్యాదయందు మగపెండ్లివారితోపాటు ఊరివారికి కూడ ఒక పంక్తి భోజనముండుట మన దేశాచారము. మేడను కాపాడువారు ఈ ఆచారమును కూడ కాపాడినచో, ఆ మేడ ఊరిదే యగును.