నెల తప్పిన సంగతి ముందు ఎవరికి తెలియాలి?

(పెదపాడులో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కోడలు నెల తప్పిన సంగతి ఆమెకంటే ముందు అత్తగారే లెక్కగడుతుంది. "ఈ నెల ఇంకా బయట చేరలేదేం?" అని అడుగుతుంది. మన ఒంటి సంగతి ముందు మనకు తెలియాలన్నదే ఈ రోజు నేను చెప్పదలచుకున్నది.

ఒకప్పుడు కడుపు వచ్చిందో లేదో తేల్చడానికి ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ కలిపిన పెద్ద మోతాదు మందు ఇచ్చేవారు. ముట్టు వస్తే కడుపు లేనట్టు, రాకపోతే ఉన్నట్టు! ఉంటే ఆ మందు బిడ్డకు హాని చేయవచ్చునని మహిళా సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు పోరాడారు. 1982లో ప్రభుత్వం నిషేధిస్తే కంపెనీలు కోర్టుల నుంచి స్టేలు తెచ్చుకున్నాయి. 1988లో గాని నిషేధం ఖాయం కాలేదు. ఇప్పటికీ ఎవరైనా "ఈ బిళ్ళలు వేసుకుని చూడు" అంటే, అది పరీక్ష కాదని గట్టిగా చెప్పండి.

ఇప్పటి పరీక్ష మూత్రంతోనే. కడుపు నిలిచాక ఒంట్లో తయారయ్యే హెచ్.సి.జి. అనే హార్మోనును కార్డు పట్టిస్తుంది. ముట్టు రావలసిన రోజు దాటాక, తెల్లవారి మొదటి మూత్రాన్ని శుభ్రమైన గిన్నెలో పట్టండి. కార్డు మీద రాసినన్ని చుక్కలు వేసి, చెప్పిన నిమిషాల్లోనే చూడండి. రెండు గీతలైతే కడుపు ఉన్నట్టు, లేతగా ఉన్నా సరే. ఒకటే అయితే లేనట్టు. 'సి' దగ్గర గీతే రాకపోతే కార్డు పాడైనట్టు. లేదని వచ్చినా ముట్టు రాకపోతే వారం ఆగి మళ్ళీ చేయండి. బిడ్డ పాలు తాగుతోంది కదా అని ధీమా వద్దు, ముట్టు తిరిగి మొదలవకుండానే కడుపు రావచ్చు. పొత్తికడుపులో విపరీతమైన నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే మాత్రం కార్డు కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి. గర్భం ట్యూబులో నిలిచి ఉండవచ్చు, అది ప్రాణాంతకం.

2023లో మధ్యప్రదేశ్‌లోని డిండోరి జిల్లాలో, సామూహిక వివాహాలకు వచ్చిన పెళ్ళికూతుళ్ళకు ఈ పరీక్షే చేశారు. కడుపుతో ఉన్నారని తేలినవారిని పెళ్ళి పీటలెక్కనివ్వలేదు. మన చేతిలో ఉండాల్సిన కార్డు అధికారుల చేతిలో పడితే అలా ఉంటుంది.

వారాల లెక్క ఆఖరి ముట్టు మొదటి రోజు నుంచి. ఆ తేదీ గోడ మీది క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి. బిడ్డ కావాలంటే పన్నెండు వారాల లోపు పేరు నమోదు చేయించాలి. వద్దనుకుంటే 1971 చట్టం, 2021 సవరణ ప్రకారం ఇరవై వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. పద్దెనిమిదేళ్ళు నిండినామెకు భర్త సంతకం అక్కర్లేదు. పెళ్ళికానివారికీ ఈ హక్కు ఉందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. మాత్రలతో గర్భం తీయించుకోవడం తొమ్మిది వారాల వరకే, అదీ డాక్టరు దగ్గరే. పేరు బయటపెట్టడం నేరం.

'నిశ్చయ్' కార్డు ఆశా కార్యకర్త ద్వారా ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ఉంది. కానీ ఆశా మన వీధి మనిషే, ఒక్కోసారి చుట్టం కూడా. ఆమెకు చెప్పడం ఇష్టం లేకపోతే ఏలూరు వెళ్ళినప్పుడు మందుల షాపులో కొనుక్కోండి. చీటీ అడగరు.