కాగితం వచ్చేదాకా ఆగకండి: యూకేలో ఆస్పర్జర్స్ ఉన్న పెద్దవాళ్లకి దొరికే సాయం

 

పోయిన నెల ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఇంగ్లాండ్‌లో కేర్ హోమ్‌లో పని, స్పాన్సర్ వీసా. పేరు, ఊరు చెప్పొద్దన్నాడు.

"అక్కా, మందుల చార్టులో ఇప్పటిదాకా నేను ఒక్క తప్పు చేయలేదు. కానీ హ్యాండోవర్‌లో నలుగురు ఒకేసారి మాట్లాడితే నా బుర్రకి ఏమీ ఎక్కదు. ముందురోజు రాత్రి ఫోన్ చేసి రోటా మారింది అంటే ఇంక నిద్ర ఉండదు. బ్రేక్‌లో కారులో ఒక్కణ్ణే కూర్చుంటాను. టీమ్‌తో కలవట్లేదని ప్రొబేషన్ పొడిగించారు. చిన్నప్పట్నుంచీ నేనింతే. ఆన్‌లైన్‌లో చదివితే ఆస్పర్జర్స్ ఏమో అనిపిస్తోంది. డాక్టర్ దగ్గరికి వెళ్తే వీసా పోతుందా?"

అతని భయం మనకి అర్థమవుతుంది. ఉద్యోగం పోతే హోమ్ ఆఫీస్ మామూలుగా వీసాని 60 రోజులకి కుదిస్తుంది. అప్పు తీరలేదు, ఇంటి దగ్గర పెళ్లి సంబంధాలు చూస్తున్నారు.

ముందు పేరు సంగతి. వియన్నా డాక్టర్ హాన్స్ ఆస్పర్జర్ 1944లో ఇలాంటి పిల్లల గురించి రాశారు. 1981లో లండన్ డాక్టర్ లోర్నా వింగ్ వల్ల ఆస్పర్జర్స్ అనే పేరు ఇంగ్లీషులో వాడుకలోకి వచ్చింది. 2013లో అమెరికా వైద్యుల మాన్యువల్ దీన్ని ఆటిజంలోనే కలిపేసింది. అందుకని ఇక్కడ సాయం వెతికేటప్పుడు "అడల్ట్ ఆటిజం" అని అడగండి. ఇది పిచ్చి కాదు, పొగరు కాదు. మన ఇళ్లల్లో "మొండివాడు", "నలుగురిలో కలవడు" అని వదిలేసినవాళ్లలో కొందరికి అసలు కారణం ఇదే.

ఇప్పుడు వీసా. స్కిల్డ్ వర్కర్ వీసా పొడిగించేటప్పుడు ఆటిజం ఉందా అని అడగరు. మీ అనుమతి లేకుండా జీపీ మీ మేనేజర్‌కి చెప్పరు. మీరు వీసాతో పాటు హెల్త్ సర్‌చార్జ్ కట్టినా, కేర్ వర్కర్ వీసా వల్ల దాని నుంచి మినహాయింపు ఉన్నా, ఎన్‌హెచ్‌ఎస్ వాడుకోవడం మీ హక్కు.

జీపీ అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పండి, డబ్బులు తీసుకోరు. మాట తడబడుతుందనుకుంటే మీ ఇబ్బందులు ఒక పేజీలో రాసుకెళ్లండి. ఏక్యూ-10 అని 10 ప్రశ్నల ఫారం ఉంటుంది. అందులో 6 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే స్పెషలిస్ట్ పరీక్షకి పంపాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇంగ్లాండ్‌లో అయితే "రైట్ టు చూజ్" కింద, ఎన్‌హెచ్‌ఎస్ కాంట్రాక్ట్ ఉన్న వేరే సంస్థని కూడా ఎంచుకోవచ్చు. ఎదురుచూపు మాత్రం చాలా చోట్ల ఏడాది దాటుతోంది.

అందుకే ఈరోజు నేను చెప్పదలుచుకున్న ముఖ్యమైన మాట ఇది: ఆ కాగితం వచ్చేదాకా ఆగకండి. 2010 ఈక్వాలిటీ చట్టం చూసేది డయాగ్నోసిస్ పేరుని కాదు. రోజువారీ పనుల్లో మీకు గట్టి ఇబ్బంది ఉందా, అది 12 నెలలుగా ఉందా లేదా అంతకాలం ఉండేలా ఉందా అన్నది చూస్తుంది. ఉంటే, యజమాని సబబైన మార్పులు చేయాలి. ఆ ఖర్చు మీ మీద వేయకూడదు. ప్రొబేషన్‌లో ఉన్నా ఈ హక్కు ఉంటుంది. కానీ మీ ఇబ్బంది వాళ్లకి తెలియాలి కదా. అందుకని నోటితో చెప్పి ఊరుకోకుండా ఈమెయిల్ పెట్టండి. "నాకు ఆటిజం ఉండొచ్చు, పరీక్ష కోసం ఎదురుచూస్తున్నాను. హ్యాండోవర్ రాసి ఇవ్వండి. రోటా రెండు వారాల ముందు చెప్పండి. బ్రేక్‌కి నిశ్శబ్దంగా ఉండే చోటు చూపండి." ఇంత చాలు. కాపీ మీ సొంత మెయిల్‌లో దాచుకోండి.

ఒప్పుకోకపోతే ఏకాస్ హెల్ప్‌లైన్ 0300 123 1100కి చేయండి. సలహా ఉచితం. ఆలస్యం చేయొద్దు, ట్రిబ్యునల్‌కి వెళ్లే గడువు తక్కువ.

"యాక్సెస్ టు వర్క్" అని ప్రభుత్వ పథకం ఉంది. జాబ్ కోచ్‌కి, పనిలో అవసరమైన పరికరాలకి డబ్బు ఇస్తుంది. దీనికీ డయాగ్నోసిస్ తప్పనిసరి కాదు. ఇంటి పనులు, బయటికి వెళ్లడం కూడా కష్టంగా ఉంటే కౌన్సిల్‌ని కేర్ యాక్ట్ అసెస్‌మెంట్ అడగండి. మీ దగ్గర్లో ఏ గ్రూపులు, సేవలు ఉన్నాయో నేషనల్ ఆటిస్టిక్ సొసైటీ వెబ్‌సైట్‌లో వెతకొచ్చు.

ఒక్క జాగ్రత్త. మీ వీసా మీద "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" అని ఉంటే పిప్, యూనివర్సల్ క్రెడిట్‌కి అప్లై చేయకండి. అవి పబ్లిక్ ఫండ్స్. ఎన్‌హెచ్‌ఎస్ వైద్యం, కౌన్సిల్ కేర్, యాక్సెస్ టు వర్క్ ఆ జాబితాలో లేవు. ఎవరో ఫ్రెండ్ చెప్పారని రెండూ కలిపేసుకుని, రావాల్సిన సాయం వదులుకోకండి.

ఆ తమ్ముడు మెయిల్ పెట్టాడు. ఇప్పుడు హ్యాండోవర్ రాసి ఇస్తున్నారు, రోటా ముందే వస్తోంది. ప్రొబేషన్ ఇంకా తేలలేదు, పరీక్ష తేదీ రాలేదు. పరీక్షలో చిన్నతనం గురించి అడుగుతారు కాబట్టి వాళ్లమ్మకి ఫోన్ చేయాల్సి వచ్చింది. వారం రోజులు వెనకాడి చేశాడు. ఆవిడ అంతా విని, "మీ నాన్న కూడా పెళ్లిళ్లలో పెరట్లోకెళ్లి కూర్చునేవాడు కదరా. ఆయన్ని ఎవరూ అడగలేదు, నిన్నైనా అడిగేవాళ్లున్నారు, వెళ్లు" అన్నారట.

మీ రూమ్‌లో, మీ షిఫ్ట్‌లో ఇలాంటివాళ్లుంటే ఈ ఎపిసోడ్ పంపండి. ఉంటానండీ, జాగ్రత్త.