కెమెరా కొనేముందు ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణం

ధనుర్మాసం నడుస్తోంది. ఇంకొన్నాళ్ళలో సంక్రాంతి పండక్కి ఊళ్ళకి వెళ్ళేవాళ్ళు బయల్దేరతారు, విజయవాడలో పటమట, సత్యనారాయణపురం, భవానీపురం వీధుల్లో చాలా గేట్లకు తాళాలు పడతాయి. ఏటా ఈ రోజుల్లోనే సీసీ కెమెరాల గురించి శ్రోతల ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి వచ్చిన కట్ట నా ముందే ఉంది. ఉయ్యూరు, గుడివాడ, మచిలీపట్నం, కైకలూరు... ఊళ్ళు వేరు గాని ప్రశ్న మాత్రం అచ్చుగుద్దినట్టు ఒకటే. "మా ఇంటికి ఎన్ని కెమెరాలు పెట్టించాలండీ?"

ఏమీ అనుకోకండి, నాకు చిరాకు తెప్పించే ప్రశ్న ఇదొక్కటే. మీ ఇల్లు నేను చూడలేదు. మీ భయం ఏమిటో మీరు రాయలేదు. ఎన్ని అని చెప్పేది ఎలా? బజార్లో నాలుగు కెమెరాల సెట్టు, ఎనిమిది కెమెరాల సెట్టు అని అమ్ముతారు. నాలుగే ఎందుకు, ఐదు ఎందుకు కాదు? రికార్డు చేసే డబ్బాకి, అదే డీవీఆర్‌కి, నాలుగో ఎనిమిదో పదహారో కనెక్షన్లు ఉంటాయి గనక. ఆ లెక్క డబ్బా తయారుచేసినవాడిది. మీ ఇంటిది కాదు.

అందుకని కొట్టుకి వెళ్ళేముందు ఒక పని చెయ్యండి. పొద్దున ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి ఇంటి చుట్టూ తిరిగి రండి. ఇంట్లో ఆడవాళ్ళని కూడా తీసుకెళ్ళండి, ఏ తలుపు గడియ సరిగా పడదో వాళ్ళకే తెలుస్తుంది. ఏం పోతుందని మీ భయం? ఎటునుంచి వస్తాడు? ఏ వేళలో వస్తాడు? అన్నిటికంటే ముఖ్యమైనది, జరిగిపోయాక ఎవరు చేశారో తెలిస్తే చాలా, లేక జరుగుతూ ఉండగానే తెలియాలా? ఈ రెండింటికీ కావలసిన సరంజామా వేరు. ఆ రెండోది కావాలంటే, ఫోను మోగినప్పుడు పరిగెత్తుకొచ్చే మనిషి ఒకడు దగ్గర్లో ఉండాలి. ఆ మనిషి లేకపోతే, దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగిన సామెతే.

మొగల్రాజపురంలో కొండవారగా ఉన్న ఒక ఇంటికి నన్ను పిలిచారు. రిటైరైన మాస్టారు, ఆయన భార్య, ఇద్దరే. పిల్లలు అమెరికాలో. వాకిట్లో పెట్టిన స్కూటరు పోయింది. "ఎనిమిది కెమెరాలున్నాయండీ, అయినా పోయింది" అన్నారు మాస్టారు, కెమెరాల మీద కేసు పెట్టేలా ఉన్నారు. టీవీలో ఎనిమిది గళ్ళు. వెనక్కి తిప్పి చూద్దామంటే డబ్బాలో తేదీ 2000 సంవత్సరం జనవరి అని చూపిస్తోంది. లోపలి చిన్న బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది, ఎవరూ చూసుకోలేదు. ఇది చిన్న విషయం అనుకోకండి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద కోర్టుకి ఇచ్చే ఫుటేజీకి ధ్రువపత్రం జతచెయ్యాలి. తేదీ పాతికేళ్ళ కిందటిదైతే అవతలి వకీలు ఊరుకుంటాడా?

సరే, వెతగ్గా వెతగ్గా మనిషి దొరికాడు. ఏం దొరికాడు, ఒక టోపీ దొరికింది. టోపీ కింద ముఖం ఉందని మనం నమ్మాలి. కెమెరా మేడ పిట్టగోడ అంచున పెట్టి నిటారుగా కిందికి వంచారు మరి. "ఎవరికీ అందకుండా ఉండాలని బిగించిన కుర్రాడు అక్కడ పెట్టాడండీ" అన్నారు. మిగతా ఏడింట్లో రెండు కొబ్బరి మట్టల్ని చూస్తున్నాయి. ఒకటి పక్కింటివాళ్ళ వంటగది కిటికీలోకి చూస్తోంది. ఆ కెమెరా వచ్చినప్పటినుంచి పక్కింటావిడ మాటలు మానేసిందట. పెరటి తలుపు చూపించండి అన్నాను. "పెరట్లో ఏముందండీ, బావేగా" అన్నారు మాస్టారు. తలుపు చట్రానికి చెద పట్టింది, గడియ మరలు వేలితో లాగితే ఊడి చేతిలోకి వచ్చాయి. ఎనిమిదింట్లో ఒక్కటి కూడా ఆ తలుపుని చూడటం లేదు. కాఫీ గ్లాసులతో వచ్చిన అమ్మగారు, "ఆ గడియ సంగతి నేను రెండేళ్ళనుంచి మొత్తుకుంటున్నా" అన్నారు. మాస్టారు కిటికీలోంచి కొండకేసి చూశారు.

చట్రం మార్పించాం, లోపలివైపు అడ్డగడియ వేయించాం. ఒక కెమెరా గేటు స్తంభం పక్కకి, ఏడెనిమిది అడుగుల ఎత్తుకి దించాం. ఒకటి పెరటి తలుపుకి. మూడోది మెట్ల దగ్గర. మిగతావి విప్పేశాం. పక్కింటావిడ మళ్ళీ కరివేపాక్కి వస్తోందట. ఒక్క ఇంటి కథతోనే నా సమయం సగం అయిపోయింది, మిగతావి కాస్త గబగబా చెబుతాను.

ఎన్ని మెగాపిక్సెల్స్ అని కొందరు రాశారు. అది కూడా ఎన్ని కెమెరాలు అన్నదానికి తోబుట్టువే. మామూలు 2 మెగాపిక్సెల్ కెమెరా బొమ్మలో అడ్డంగా 1920 చుక్కలుంటాయి. ముక్కూ మొహం తెలియనివాణ్ణి బొమ్మ చూసి గుర్తుపట్టాలంటే మీటరుకి 250 చుక్కలు పడాలని ఐఈసీ 62676 అనే అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. ఎవరో ఒక మనిషి తిరుగుతున్నాడని తెలిస్తే చాలనుకుంటే 25 చాలు. అంటే 250 లెక్కన ఆ కెమెరా బొమ్మలో పాతిక అడుగుల వెడల్పు లోపు స్థలమే పడితే ముఖం దక్కుతుంది. మీ గేటు పది అడుగులే. అదే కెమెరాతో వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా కనపడాలంటే మాత్రం మనుషులు కనిపిస్తారు, ముఖాలు కనిపించవు. ఏది కావాలో తేల్చుకోండి.

మన ఇళ్ళలో ఇంకో తిరకాసుంది. తూర్పు ముఖం ఇల్లని ముచ్చటపడి కట్టుకుంటాం. వరండాలో కెమెరా తూర్పుకి తిప్పి పెడితే పొద్దున ఏడింటికి ఎండ నేరుగా అద్దంలో పడుతుంది, గేటు తీసుకుని వచ్చినవాడు నల్లటి నీడలా కనిపిస్తాడు. కెమెరాని పక్కవాటుగా పెట్టించండి. కుదరకపోతే వెలుగునీడల్ని సర్దుకునే డబ్ల్యూడీఆర్ ఉన్నదేనా అని అడిగి తీసుకోండి.

ఉయ్యూరు నుంచి ఒక సోదరి రాశారు, తెల్లారుజామున ముగ్గు వేస్తుంటే మెడలో గొలుసు లాక్కుపోతారని భయంగా ఉంది, ఎన్ని కెమెరాలు పెట్టించమంటారు అని. అమ్మా, మీకు కావలసింది కెమెరా కాదు. గేటు ముందు మంచి దీపం, గొలుసు కనపడకుండా కొంగు, మీరు ముగ్గు పూర్తిచేసేదాకా అరుగు మీద కూర్చునే మనిషి. మీ వారిని లేపండి. నెల్లాళ్ళు పెందలాడే లేస్తే ఆయనకేం కాదు.

కైకలూరు రైతు ప్రశ్న వేరు. చెరువు గట్టు మీద మోటారు, ఏరియేటర్లు, రాగి తీగ ఉన్న కేబులు, రాత్రిపూట వాటికే ఎసరు. అక్కడ కరెంటు నిలకడగా ఉండదు, ఇంటర్నెట్ లైను ఉండదు. సోలారు పలకతో, సిమ్ కార్డుతో నడిచే 4జీ కెమెరా పనికొస్తుంది. మనిషి కదిలితే ఫోన్‌కి కబురు పంపేది చూసి కొనండి. కాని ఆ కబురు ఊళ్ళో నిద్రపోతున్న మీకు కాదు, గట్టు మీద కాపలా ఉండేవాడికి వెళ్ళాలి. అంతకన్నా ముందు మోటారుకి గొలుసూ తాళమూ వెయ్యండి. మచిలీపట్నం వాళ్ళకి ఒక మాట. ఐపీ66, ఐపీ67 అన్న గుర్తులు దుమ్ముకీ నీళ్ళకీ, ఉప్పుగాలికి కాదు. తీగల అతుకులన్నీ మూతపెట్టెలో ఉండేలా బిగించమనండి.

డీవీఆర్‌ని హాల్లో టీవీ కింద పెట్టకండి. వచ్చినవాడు టీవీతోపాటు దాన్నీ పట్టుకుపోతాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్ ఇళ్ళల్లోకి వచ్చినప్పుడు కింద ఉన్నవన్నీ మునిగాయి, అదీ గుర్తుంచుకోండి. గాలి ఆడే అటక మీద పెట్టండి. డబ్బా, కెమెరాల సప్లై, రౌటరు మూడూ ఇన్వర్టరు మీద ఉండాలి. నాలుగు కెమెరాలు రాత్రీ పగలూ రికార్డు చేస్తే 1 టీబీ డిస్కులో సుమారు పదిరోజుల సరుకే నిలుస్తుంది. మీరు పండక్కి రెండు వారాలు వెళ్తే? వన్‌టౌన్ దుకాణదారులు ఇంకో సంగతి చూసుకోవాలి. ఒకేసారి వంద మంది గాని, రోజుకి ఐదు వందల మంది గాని వచ్చే చోటైతే 2013 నాటి ప్రజా భద్రత చట్టం ప్రకారం 30 రోజుల ఫుటేజీ దాచాలి.

పండక్కి మాత్రమే భయపడేవాళ్ళకి అసలు కొనక్కర్లేని దారి ఉంది. మన పోలీసుల లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్, ఎల్‌హెచ్‌ఎంఎస్ అంటారు. తాళం వేసి వెళ్ళేముందు నమోదు చేసుకుంటే వాళ్ళే కెమెరా పెడతారు, లోపల ఎవరైనా కదిలితే కంట్రోల్ రూముకి తెలుస్తుంది. డబ్బు తీసుకోరు. మీ స్టేషన్లో ముందుగా అడగండి.

ఇక ఇంటి లోపల కెమెరాల సంగతి. ఇంటి దొంగను ఈశ్వరుడే పట్టలేడంటారు గదా, కెమెరాతో పట్టుకుందామని కొందరు పడగ్గది దాకా పెట్టిస్తున్నారు. వద్దు. ఉమ్మడిగా ఉండే ఇంట్లో మిగతావాళ్ళ అనుమతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు కూడదని కలకత్తా హైకోర్టు ఇచ్చిన తీర్పుని 2025లో సుప్రీంకోర్టు కూడా కదపలేదు. బయట పెట్టినా సరే, డబ్బాతో వచ్చిన పాస్‌వర్డు ఆ రోజే మార్చండి, మీ కళ్ళెదుట మార్పించండి. రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి లోపలి దృశ్యాలు నెట్‌లో అమ్మకానికి వెళ్ళాయంటే తేలిక పాస్‌వర్డు వల్లనే. 2025 ఏప్రిల్ 9 నుంచి భద్రతా పరీక్ష నెగ్గిన కెమెరాలే మన దేశంలో అమ్మాలి. బిల్లు తీసుకుంటూ ఆ మాట అడగండి.

వచ్చే ప్రసంగానికి ఉత్తరాలు రాసేవాళ్ళకి ఒక మనవి. ఒక తెల్లకాగితం మీద మీ ఇంటి పటం చేత్తో గీయండి. గేటు, తలుపులు, పెరడు, దీపాలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టండి. తూర్పు ఎటో రాయండి. మీ భయం ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి. జవాబు తప్పకుండా చెబుతాను. ఎన్ని కెమెరాలు అని మాత్రం అడగకండి.