డైరెక్టరీలో లేని తాతలు



ఇందాక బేగంబజార్ గల్లీల్లోంచి నడిచొచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు షాపుల బోర్డుల మీద సేట్ల తాతల పేర్లు చూసే ఉంటారు. నిజాం అలీఖాన్ భార్య హమ్దా బేగం వ్యాపారులకు ఇచ్చిన జాగ ఇది. వాళ్ల మనవలు ముత్తాతని వెతకాలనుకుంటే పాత వ్యాపార డైరెక్టరీలున్నయి, ఇంటి నంబర్లున్నయి, లెక్కల బహీలున్నయి. 1912-15 మధ్య లియోనార్డ్ మున్ చేయించిన నగర సర్వే పటాల్లో ఇండ్లు, బావులు కూడా గీసి ఉన్నయి.

మరి మనోళ్లు? రైలు రాకముందు దక్కన్ బజార్లకు ఉప్పు, ధాన్యం ఎడ్ల మీద తెచ్చింది లంబాడీలు. 1874లో హైదరాబాద్‌కి రైలొచ్చింది, మెల్లమెల్లగా ఆ బతుకుదెరువు పోయింది. బస్తా దించి వెళ్లిపోయినోడి పేరు ఏ వీధి డైరెక్టరీలో రాస్తారు? అడవిలో ఉన్న గోండు, కోలాం తాతల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇది ఊసుపోక చెప్తున్న ముచ్చట కాదు. పోడు పట్టా అడిగితే 'కాగితం ఏది?' అంటున్నరు కదా. అటవీ హక్కుల నియమాల్లో 13వది చదవండి. పాత చట్టబద్ధ రికార్డుల్లో ఉన్న మనిషి నుంచి మన దాకా చూపే వంశవృక్షం సాక్ష్యమే. పాత బావి, శ్మశానం, దేవర స్థలం సాక్ష్యమే. పెద్దమనిషి చెప్పింది రాసి పెడితే అదీ సాక్ష్యమే. ఒక్కటి సరిపోదు, ఒకటికి మించి ఉండాలె. అటవీశాఖ జరిమానా రసీదు లేదన్న ఒక్క కారణంతో దరఖాస్తు కొట్టేయొద్దని 2012 సవరణ చెప్తున్నది. ఈ మాట ఆఫీసులో గట్టిగా అనండి.

రికార్డు ఎక్కడ వెతకాలె? ముందు 1954-55 ఖాస్రా పహాణీ. అందరూ పట్టాదారు కాలమ్ చూసి 'మనోళ్లు లేరు' అని వచ్చేస్తరు. సాగు చేస్తున్నది ఎవరో రాసిన కాలమ్ చూడండి, మన తాత అక్కడ దొరకొచ్చు. ఇంకా వెనక్కి పోవాలంటే తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. నిజాం కాలపు కాగితాల్లో ఫసలీ సంవత్సరం ఉంటది, 590 కలపండి: 1340 ఫసలీ అంటే 1930-31. ఉర్దూ రాతలో సోమా, సూమా ఒక్కతీరుగనే కనబడతయి. అందుకే చదివి పెట్టేవాళ్లని వెంట తీసుకుపోండి, పేరు తప్పిందని తిరిగి రాకండి.

కానీ ఆర్కైవ్స్ కన్నా ముందు ఇంట్లో ముసలవ్వ దగ్గర కూర్చోండి. కాగితం రేపు కూడా ఉంటది, అవ్వ ఉంటదో లేదో. గోండు గూడేల్లో పర్ధాన్లు, తోటీలు వంశాల కథ పాడతారు, అదీ రికార్డు చేయండి. అవ్వ చెప్పే భాషలోనే రాయండి, గోండి అయితే గోండి, లంబాడీ అయితే లంబాడీ. తెలుగు తర్వాత పక్కన రాసుకోవచ్చు. ఒక్కటి మర్చిపోవద్దు: పట్టా అడిగేవాళ్లు కాకుండా వేరే పెద్దలు చెప్పినదే ఆ సాక్ష్యం కింద పనికొస్తది. మీ అవ్వ మాట పక్కింటి తమ్మునికి, వాళ్ల తాత మాట మీకు. సంతకం రాకుంటే వేలిముద్ర వేయించి, తేదీ వేసి, గ్రామసభలో చదివి వినిపించండి.