కలం ఎత్తబడింది అతనిపై నుంచి, మనపై నుంచి కాదు

స్తుతి, కృతజ్ఞత సమస్తం అల్లాహ్‌కే. బలవంతుణ్ణి బలహీనునికి కాపరిగా నిలిపి, ఆ కాపలా గురించి రేపు లెక్క అడిగే ప్రభువు ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

ముందుగా నాకూ, మీకూ తఖ్వాను ఉపదేశించుకుంటున్నాను.

కొన్నేళ్ల క్రితం ఒకరోజు అసర్ నమాజు తర్వాత ఒక వృద్ధురాలు మస్జిదు గుమ్మం దగ్గర నాకోసం నిలబడి ఉంది. పక్కన ఆమె కొడుకు. వయసు ముప్ఫై దాటింది. చొక్కా గుండీలు మాత్రం ఇంకా తల్లే పెట్టాలి. "మౌలానా సాబ్, నేనున్నన్నాళ్లూ వీడికి నేను తినిపిస్తాను. నా కళ్లు మూతపడ్డాక వీడికెవరు దిక్కు?" అని అడిగింది. నేను నలుగురినీ విచారించి ఒక సంరక్షణ గృహం పేరు చెప్పాను. కుటుంబం అతణ్ణి అక్కడ చేర్పించింది. పుణ్యకార్యం చేశానని తృప్తిపడ్డాను. ఎనిమిది నెలలపాటు అటువైపు తొంగి చూడలేదు.

ఎనిమిది నెలల తర్వాత వెళ్లాను. గోడలకు కొత్త రంగు ఉంది. ఆఫీసు గదిలో దాతల ఫొటోలు ఉన్నాయి. లోపల ఒక పొడవాటి గదిలో అందరికీ ఒకేలా గుండు గీయించి కూర్చోబెట్టారు. రాత్రి భోజనం సాయంత్రం ఐదున్నరకే ముగించి తలుపుకు గడియ పెడతారట, పనివాళ్లు పొద్దుండగానే ఇళ్లకు చేరాలని. మన అబ్బాయిని పేరుపెట్టి పిలిచాను. తలెత్తలేదు. అక్కడి ఉద్యోగి నవ్వుతూ, "ఇక్కడ పేర్లతో పిలవం సాబ్, పదిహేడు అంటే పలుకుతాడు" అన్నాడు. ఒంటిమీద దెబ్బలు నాకు కనబడలేదు. పస్తులు పెట్టిన జాడా లేదు. కానీ ఎనిమిది నెలల్లో ఒక మనిషి పేరు పోయింది. అతణ్ణి అక్కడికి పంపినవాడిని నేనే.

సోదరులారా, అందుకే ఈ శుక్రవారం ఈ మాట ఎత్తుకున్నాను. ఒక అమానతును మరొకరి చేతికి అప్పగించినంత మాత్రాన మన బాధ్యత తీరిపోతుందా?

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. బుద్ధిమాంద్యం పిచ్చి కాదు. జిన్ను పట్టడం కాదు. తల్లిదండ్రుల పాపఫలం అంతకన్నా కాదు. మానసిక వ్యాధి ఏ వయసులోనైనా రావచ్చు, చికిత్సతో నయమూ కావచ్చు. బుద్ధిమాంద్యం పుట్టుకతోనో, బాల్యంలోనో వచ్చి జీవితాంతం తోడుండే స్థితి. నేర్చుకోవడం ఆలస్యమవుతుంది, కానీ నేర్చుకోవడం ఆగదు. ఆ మనిషికీ ఇష్టాయిష్టాలు ఉంటాయి, సిగ్గు ఉంటుంది, అలక ఉంటుంది, ప్రేమ ఉంటుంది.

ముగ్గురిపై నుంచి కలం ఎత్తబడిందని ప్రియ ప్రవక్త (స) తెలిపిన హదీసు మీరందరూ వినే ఉంటారు. నిద్రలో ఉన్నవాడు మేల్కొనే వరకు, పిల్లవాడు పెద్దయ్యే వరకు, మతి లేనివాడు మతి పొందే వరకు వారి కర్మలు రాయబడవు. బుద్ధి పరిపక్వం కానివారికీ ఈ మినహాయింపు వర్తిస్తుందని ఉలమాలు వివరించారు. ఈ హదీసును మనం సగమే అర్థం చేసుకున్నాం. 'అతనికి నమాజు లేదు, రోజా లేదు, లెక్కే లేదు' అనుకుని అతణ్ణే లెక్కలోంచి తీసేశాం. కలం ఎత్తబడింది అతనిపై నుంచి, మనపై నుంచి కాదు. అతనితో మనం ప్రవర్తించే తీరును కిరామన్ కాతిబీన్ రాస్తూనే ఉన్నారు.

మదరసాలో ఉసూలె ఫిఖ్హ్ చదివినవారికి ఒక పాఠం గుర్తుండే ఉంటుంది. మన ఫుఖహాలు మనిషి అర్హతను రెండుగా విభజించారు. తన వ్యవహారాలు తానే నడుపుకునే అర్హతను 'అహ్లియ్యతుల్ అదా' అన్నారు. హక్కులు పొందే అర్హతను 'అహ్లియ్యతుల్ వుజూబ్' అన్నారు. మొదటిది వయసునుబట్టి, బుద్ధినిబట్టి పెరుగుతుంది, తరుగుతుంది. రెండోది మనిషిగా పుట్టడంతోనే లభిస్తుంది. ఊపిరి ఉన్నంతవరకు తరగదు. సంతకం చేయడం రానివాడి హక్కు కూడా, చేయడం వచ్చినవాడి హక్కు ఎంతో అంతే.

ఇప్పుడు దివ్య ఖుర్ఆన్ వైపు చూద్దాం. సూరె నిసా అయిదవ ఆయతులో, ఆస్తిని సంబాళించుకోలేని వారి గురించి అల్లాహ్ సంరక్షకులకు మూడు ఆదేశాలు ఇచ్చాడు. వారికి తిండి పెట్టాలి, బట్టలు ఇవ్వాలి, వారితో మంచిగా మాట్లాడాలి. తిండి, బట్ట దగ్గరే ఆదేశం ఆగలేదు. మంచిమాట కూడా వాటితోపాటు విధిగానే వచ్చింది. నేను చూసిన ఆ గృహంలో తిండి ఉంది, బట్ట ఉంది. పేరు పెట్టి పిలిచే నోరే లేనిచోట మంచిమాట ఎక్కడిది?

ఆ మంచిమాట ఎలా ఉంటుందో దైవప్రవక్త (స) ఆచరించి చూపారు. హజ్రత్ అనస్ (రజి) తెలిపిన ఈ సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. మదీనాలో బుద్ధిలో కొంత లోపం ఉన్న ఒక స్త్రీ ఆయన దగ్గరికి వచ్చి, తనకు ఆయనతో పని ఉందన్నది. ఆయన ఆమెను ఫలానావారి తల్లి అంటూ గౌరవంగా సంబోధించారు. నీకు ఏ వీధి ఇష్టమైతే ఆ వీధి చూసుకో, అక్కడికే వచ్చి నీ పని చేసిపెడతానన్నారు. దారిలో ఒకచోట ఆమెతో నిలబడి, ఆమె చెప్పుకోవలసింది పూర్తయ్యేవరకు కదలలేదు.

ఇందులో మూడు విషయాలు గమనించండి. ఆమెకు మర్యాదగల పిలుపు దక్కింది. ఎక్కడ మాట్లాడాలో ఎంచుకునే స్వేచ్ఛ దక్కింది. తన మాట ముగిసేవరకు వినే సమయం దక్కింది. ఒక రాజ్యానికి అధినేత, ఒక సమాజానికి నాయకుడు అయిన ఆయన (స) దగ్గర ఆమె కోసం సమయం ఉంది. పిలుపు, ఎంపిక, సమయం. ఏ సంరక్షణ గృహం మంచిదో తూచడానికి ఇంతకన్నా మంచి త్రాసు నాకు తెలియదు.

ఈ త్రాసును పక్కన పెడితే ఏమవుతుందో మన కాలమే చూపింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గా సమీపాన ఉన్న ఒక ప్రైవేటు గృహంలో తెల్లవారుజామున మంటలు చెలరేగాయి. అక్కడ ఉంచినవారు మానసిక రోగులు. వారిని గొలుసులతో కట్టి ఉంచారు. పరుగెత్తే దారిలేక 28 మంది కాలిపోయారు. సుప్రీంకోర్టు ఈ ఘోరాన్ని తనంతట తానే విచారణకు స్వీకరించింది. ఆ 28 మందిని అక్కడికి తీసుకెళ్లి వదిలినవారు శత్రువులు కారు. నయమవుతుందన్న ఆశతో వచ్చిన కుటుంబాలు. ఒక పిల్లిని కట్టివేసి, తిండి పెట్టక, బయటికి వదలక చంపిన స్త్రీ నరకానికి పోయిందని ప్రవక్త (స) తెలిపారు. పిల్లి విషయంలోనే ఇంత లెక్క ఉంటే, ఆదం సంతతి విషయంలో ఎంత ఉంటుంది?

గొలుసులు పోతే సరిపోతుందా? 2024 జూలైలో, బుద్ధిమాంద్యం గలవారి కోసం ఢిల్లీలో నడిచే ప్రభుత్వ గృహం ఆశాకిరణ్‌లో ఒక్క నెలలోనే పదిమందికి పైగా మరణించారు. అక్కడ సామర్థ్యానికి మించి మనుషులు ఉన్నారని హైకోర్టు గుర్తించింది. డబ్బుంటే సరిపోతుందా? సంపన్న దేశమైన బ్రిటన్‌లో, బ్రిస్టల్ నగరం దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేటు ఆసుపత్రి ఉండేది. ఇలాంటివారిని అక్కడ ఎంతో ఖర్చుతో ఉంచేవారు. 2011లో బీబీసీ రహస్య కెమెరా లోపలికి వెళితే, సిబ్బంది వారిని కొట్టడం, నేలకు అదిమిపట్టడం, హేళన చేయడం బయటపడింది. 11 మంది దోషులుగా తేలారు. ఆరుగురు జైలుకు వెళ్లారు. అంతకుముందే అక్కడి నర్సు ఒకరు ఫిర్యాదు చేసినా పట్టించుకున్నవారు లేరు. ఇల్లు ప్రైవేటుదైనా, ప్రభుత్వానిదైనా, స్వదేశంలో ఉన్నా, విదేశంలో ఉన్నా నేర్పే పాఠం ఒక్కటే. బయటి కన్ను పడని గదిలో బలహీనుడికి రక్షణ ఉండదు.

సోదరులారా, బిడ్డను సంరక్షణ గృహంలో చేర్చిన తల్లిదండ్రులను నిందించడానికి నేనీ మాటలు చెప్పడం లేదు. ఎవరిపైనా శక్తికి మించిన భారం మోపని ప్రభువు మన ప్రభువు. డెబ్భై ఏళ్ల తల్లి నలభై ఏళ్ల కొడుకును ఎత్తి స్నానం చేయించలేదు. గృహం అవసరమే. అయితే చేర్చేముందు చూడండి. చేర్చిన తర్వాత ఇంకా ఎక్కువగా చూడండి.

ఎలా చూడాలి? ముందే కబురు చేయకుండా వెళ్లండి. భోజన సమయానికి వెళ్లండి. వారిని ఏమని పిలుస్తున్నారో వినండి. మరుగుదొడ్డికి తలుపు ఉందో లేదో, ఆడవారికి స్నానం చేయించేది ఆడవారేనా కాదా చూడండి. రాత్రిపూట ఎంతమందికి ఒక మనిషి తోడుంటాడో అడగండి. పోయినసారి వచ్చినప్పటికన్నా మనవాడు కొత్తగా ఏమి నేర్చుకున్నాడో అడగండి. ఒంటిమీద గాయం ఉంటే కారణం అడగండి, అడగడానికి మొహమాటపడకండి. అక్కడి పనివారి జీతం గురించి కూడా ఆలోచించండి. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ధర్మం మనది. ముప్ఫైమందిని ఒక్కడికి అప్పగించి, అతనికి అరకొర జీతమిచ్చి, ఓర్పు మాత్రం నిండుగా ఉండాలనడం న్యాయం కాదు.

దేశ చట్టం కూడా ఈ విషయంలో మనకు తోడుగా ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, రిజిస్ట్రేషన్ లేకుండా ఇలాంటి సంస్థను నడపకూడదు. ఆ ధ్రువపత్రం చూపమని అడగండి. తన సంరక్షణలో ఉన్న దివ్యాంగుడికి తెలిసీ తిండి, నీళ్లు ఇవ్వనివాడికి ఆరు నెలల నుంచి అయిదేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, జిల్లా కలెక్టరు ఆధ్వర్యంలోని స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకుంటే, పద్దెనిమిదేళ్లు దాటిన బుద్ధిమాంద్యులకు గార్డియన్‌ను నియమిస్తారు. అదే ట్రస్టు నిరామయ పథకం కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది. సికింద్రాబాదులో 1984 నుంచి ఈ రంగానికే అంకితమైన జాతీయ సంస్థ పనిచేస్తోంది. తల్లిదండ్రులకు అక్కడ సలహా, శిక్షణ దొరుకుతాయి. మన ఇళ్లలో ఎందరికి ఈ సంగతులు తెలుసు?

ఇక కొంచెం చేదు మాట ఒకటి చెప్పక తప్పదు. తండ్రి చనిపోయాక ఆస్తి పంచుకునేటప్పుడు, 'వాడికేం తెలుసు, వాడికెందుకు వాటా' అనే అన్నదమ్ములు మనలో ఉన్నారు. షరీఅత్‌లో బుద్ధిమాంద్యం గల కొడుకు వాటా మిగతా కొడుకుల వాటాతో సమానం. కూతురి వాటా మిగతా కూతుళ్ల వాటాతో సమానం. అరచేయి వెడల్పు కూడా తగ్గదు. ఇందాక చెప్పుకున్న నిసా సూరె ఆయతులోనే మరో సూక్ష్మం ఉంది. వారి ధనంలో నుంచి తీసి పెట్టమని కాక, ఆ ధనంలోనే వారికి జీవనోపాధి కల్పించమన్న రీతిలో అక్కడి ప్రయోగం ఉందని ముఫస్సిరులు గమనించారు. అంటే, అసలు కరిగిపోకుండా దాన్ని వృద్ధి చేసి, ఆ ఆదాయంతో వారిని పోషించాలన్నది సూచన. గార్డియన్ ఆరు నెలల్లోపు ఆస్తుల జాబితా సమర్పించాలని, ఏటా లెక్క చూపాలని మన దేశ చట్టమూ అంటోంది. తమ్ముడి పొలం కౌలు తింటూ, తమ్ముణ్ణి ఉచిత ఆశ్రమంలో వదిలినవాడు అల్లాహ్ ముందు ఏ లెక్క చూపుతాడు?

ఆ రోజు నేను తిరిగివచ్చి ఆ తల్లి దగ్గర తల దించుకుని జరిగింది చెప్పాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడే వెళ్లి కొడుకును తెచ్చుకుంది. కొన్ని నెలలు వెతికాక పదిమంది మాత్రమే ఉండే ఒక చిన్న ఇల్లు దొరికింది. ఈసారి అతణ్ణి అక్కడ దింపి ఊరుకోలేదు. మన మొహల్లా యువకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకున్నారు. ప్రతి వారం ఎవరో ఒకరు వెళ్తారు. పండుగ రోజు అతను మనతో ఈద్‌గాహ్‌కు వస్తాడు. సఫ్‌లో అటూ ఇటూ చూస్తాడు, ఒక్కోసారి పెద్దగా నవ్వుతాడు. ఎవరూ కసురుకోరు. ఆ తల్లి పోయిన రమజానులో అల్లాహ్ పిలుపు అందుకుంది. ఆమె జనాజా రోజున అతణ్ణి తీసుకొచ్చారు. చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడు, పై గుండీ ఒక్కటి తప్ప. ఆ ఇంటివారు ఏడాదిపాటు ఓపికగా నేర్పారట. ముప్ఫై ఏళ్లుగా అతనికి రాదనుకున్న పని అది.

మీ మీ మస్జిదుల్లో కూడా ఈ పని మొదలుపెట్టండి. ముందు మన వీధుల్లో ఇలాంటివారు ఎన్ని ఇళ్లలో ఉన్నారో పేర్లు రాసుకుందాం. పేర్లే రాయాలి, అంకెలు కాదు. మనకు సహాయం, ఉపాధి లభిస్తున్నది మనలోని బలహీనుల మూలంగానేనని ప్రవక్త (స) తెలియజేశారు. మనం వారిని పోషిస్తున్నామని అనుకుంటున్నాం. ఎవరి పుణ్యాన ఎవరు తింటున్నారో అల్లాహ్‌కు తెలుసు.

ఓ అల్లాహ్! మా ఇళ్లలోని, సంరక్షణ గృహాల్లోని నీ బలహీన దాసులను నీ కాపుదలలో ఉంచు. వారికి అన్నంతోపాటు మంచిమాట దక్కేలా చెయ్యి. 'నా తర్వాత వీడికెవరు' అని నిద్రపట్టని తల్లులకు మమ్మల్ని సమాధానంగా నిలుపు. వారిని చేరవేసి మరచిపోయిన మా తప్పును మన్నించు. వారి హక్కు మెడలో వేలాడుతూ ఉండగా మమ్మల్ని నీ సన్నిధికి పిలవకు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.