రోడ్డు మీద మొదటి ఏడాది: సివిల్ డిప్లొమా తర్వాత అప్రెంటిస్‌గా నేను నేర్చుకున్నవి

(వీడియో ప్రసంగానికి అక్షర రూపం)

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది పాలిటెక్నిక్ ఫైనలియర్ పిల్లలు ఒకే ప్రశ్న అడిగారు. "అక్కా, రోడ్ల మెయింటెనెన్స్‌లో అప్రెంటిస్ వచ్చింది, చేరమంటారా, వద్దా?" అని. నేను అదే పని ఒక ఏడాది చేశాను. అందుకని ఈ రోజు చేరమనీ వద్దనీ చెప్పను. ఆ ఏడాది ఎలా గడిచిందో చెప్తాను, మీరే నిర్ణయించుకోండి. ఆఫీసు పేరు, ఊరి పేరు మాత్రం అడక్కండి. గోదావరి డెల్టాలో ఒక సబ్ డివిజన్ ఆఫీసు, అంతవరకే.

ముందు కాగితాల సంగతి చెప్పేస్తా. ఇది 1961 అప్రెంటిస్ చట్టం కింద నడిచే శిక్షణ. డిగ్రీ, డిప్లొమా వాళ్ళు నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. మన దక్షిణాది రాష్ట్రాలకి చెన్నై తరమణిలో ఉన్న బోర్డు చూస్తుంది. కాలం ఒక ఏడాది. నేను చేరినప్పుడు డిప్లొమా వాళ్ళకి నెలకి 8,000 రూపాయలు, అందులో సగం కేంద్ర ప్రభుత్వం భరించేది. మీరు చేరేటప్పుడు ఎంతుందో పోర్టల్‌లో చూసుకోండి. ఏడాది అయ్యాక సర్టిఫికెట్ ఇస్తారు. ఉద్యోగం ఇస్తామన్న హామీ లేదు. ఈ మాట ఇంట్లో ముందే చెప్పి చేరండి. నేను చెప్పలేదు. చివర్లో మా నాన్నతో మాటలు పడాల్సి వచ్చింది.

నిజానికి మొదట్లోనే పడ్డాను. "మూడేళ్ళు చదివించింది గుంతలు పూడ్చడానికా?" అన్నారు నాన్న. నాతో చదివిన అమ్మాయి హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ సైట్‌లో చేరి ఇంతకి రెట్టింపు తెచ్చుకుంటోంది. నా దగ్గర జవాబు లేదు. ఊరికే సంచి తీసుకుని బస్సెక్కేశాను.

మొదటి రోజు ఏఈ సార్ నా చేతికి ఒక రోడ్డు పటం ఇచ్చి, "ఈ వారం ఏ పనీ చెయ్యకు, నడువు" అన్నారు. వర్క్ ఇన్‌స్పెక్టర్ ఒకాయన ఉండేవారు, రిటైర్మెంట్‌కి దగ్గర పడ్డ మనిషి. నేను బాబాయ్ గారూ అనేదాన్ని. ఆయనతో కలిసి కిలోమీటరు రాయి నుంచి కిలోమీటరు రాయికి నడిచాను. కాలేజీలో పేవ్‌మెంట్ అంటే పుస్తకంలో పొరల బొమ్మ. ఇక్కడ అదే పొర ఎండలో నా కాళ్ళ కింద పగిలి ఉంది. మొసలి చర్మంలా గళ్ళు గళ్ళుగా పగిలితే కింద పొర బలహీనపడిందని. చక్రాలు పోయే చోట గాడి పడితే బరువు ఎక్కువైందనో, పొర సరిగ్గా అణగలేదనో. అంచు విరిగితే పక్కన మట్టి కోసుకుపోయిందని. పైన కంకర ఊడి చేతికొస్తుంటే తారు పట్టు వదిలేసిందని. డాక్టరు నాలుక చూసినట్టు రోడ్డు మొహం చూసి లోపల ఏముందో చెప్పేవారాయన.

మా డెల్టా రోడ్లకి ఇంకా కొన్ని సొంత కష్టాలున్నాయి. కింద నల్లరేగడి నేల. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుని నెర్రెలిస్తుంది. దాని మీద ఏది వేసినా అది కూడా కదులుతుంది. పైన చేపలు, రొయ్యల లారీలు దారి పొడుగునా నీళ్ళు కారుస్తూ పోతాయి. నాట్ల రోజుల్లో ట్రాక్టర్లు దమ్ము చక్రాలు విప్పకుండానే తారు మీదకి ఎక్కేస్తాయి. మాదీ వ్యవసాయ కుటుంబమే. మా మావయ్య కూడా అలాగే ఎక్కిస్తాడు. అడిగితే, "చేనుకీ చేనుకీ మధ్య అరకిలోమీటరు, దానికి చక్రాలెవడు మారుస్తాడే" అంటాడు. ఆ ఏడాది తర్వాత నేను మా మావయ్యతో కూడా పోట్లాడాను లెండి.

ఆ వారం నేర్చుకున్న ఇంకో ముఖ్యమైన మాట: వచ్చే బండికి వీపు చూపించకు. టేపు పట్టుకుని వంగినప్పుడు మనకి రోడ్డు గుర్తుండదు, కొలతే గుర్తుంటుంది. రెండో రోజే ఒక లారీ నా జడకి తగిలేంత దగ్గరగా పోయింది. బాబాయ్ గారు అరవలేదు. జాకెట్ వేయించి, రెండు వైపులా శంకువులు పెట్టించి, జెండాతో మనిషిని నిలబెట్టి, "ఇప్పుడు కొలువమ్మా" అన్నారు. అంతే.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఇది చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను.

మూడో నెలలో ప్యాచ్ వర్క్ దగ్గర నన్ను నిలబెట్టారు. పద్ధతి నాకు బాగా వచ్చు. గుంతని చతురస్రంగానో దీర్ఘ చతురస్రంగానో కొట్టాలి, అంచులు నిటారుగా ఉండాలి. వదులుగా ఉన్నదంతా తీసేయాలి, దుమ్ము ఊడ్చాలి, తడి లేకుండా ఆరాలి. అడుగునా పక్కలా ట్యాక్ కోట్ పూయాలి. వేడి మాల్ వేసి, లోతు ఎక్కువైతే పొరలుగా వేసి, రోలర్‌తో అణచాలి. వీజీ-30 తారుతో చేసిన మాల్ పరిచేటప్పుడు 140 డిగ్రీలకి తగ్గకూడదు, రోలింగ్ 90 డిగ్రీలకి దిగకముందే అయిపోవాలి. థర్మామీటర్ నా చేతిలోనే ఉంది.

ఒక తూము పక్కన రెండు గుంతలు మిగిలాయి. సాయంత్రం నాలుగైంది. టిప్పర్ ప్లాంటు నుంచి ఆలస్యంగా వచ్చింది. థర్మామీటర్ పెడితే 118. అప్పుడే తుంపర మొదలైంది. గుంతలో అడుగున నీటి పొర మెరుస్తోంది. "ఆపుదాం" అన్నాను మేస్త్రీతో. "మేడం, మాల్ వెనక్కి పంపితే కిరాయి ఎవరిస్తారు? చిన్న గుంతలే కదా" అన్నాడు. ఏఈ సార్‌కి ఫోన్ చేశాను, ఎత్తలేదు. బాబాయ్ గారు ఆ రోజు సెలవు. పదిమంది మగవాళ్ళు నా వైపు చూస్తున్నారు. అప్రెంటిస్‌కి పని ఆపే అధికారం లేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. నోరు మూసుకున్నాను. మాల్ వేసేశారు. నా నోటుబుక్కులో ఉష్ణోగ్రత గడి, వాతావరణం గడి ఖాళీగా వదిలేశాను.

తొమ్మిదో రోజుకి ఆ ప్యాచ్ లేచిపోయింది. తెల్లవారుజామున పాలు తీసుకెళ్ళే ఆయన బండి అందులో పడింది. మణికట్టు విరిగింది. నేను వెళ్ళేసరికి రోడ్డంతా తెల్లగా పాలు, ఆయన గట్టు మీద చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. నా జాకెట్ చూసి, "ఏం ఇంజినీరమ్మా, మొన్నేగా పూడ్చారు?" అన్నాడు. తిట్టలేదండి. తిట్టుంటే బాగుండేది.

ఆఫీసుకి వెళ్ళి ఏఈ సార్ ముందు నోటుబుక్ పెట్టాను. "ఈ గడులు కావాలనే ఖాళీగా వదిలేశాను సార్. మాల్ 118 ఉంది, గుంత తడిగా ఉంది, నేను చూశాను" అని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "ఆపే అధికారం నీకు లేదు, నిజమే. రాసే పని నీదే కదా. నేను ఫోన్ ఎత్తకపోతే మళ్ళీ చెయ్యి, వంద సార్లు చెయ్యి. ఆ రోజు ఎత్తకపోవడం నా తప్పు." అప్పటి తారీఖుతో కాకుండా ఆ రోజు తారీఖుతోనే జరిగింది జరిగినట్టు రాయించారు. పాత గడి జోలికి పోనివ్వలేదు. ఎం-బుక్ అయినా సైటు నోటు అయినా చెరపకూడదు, దిద్దకూడదు, తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన పొడి సంతకం పెట్టాలి. ఈ నియమం కాలేజీలో ఒక మార్కు ప్రశ్న. ఆ రోజు నాకు అర్థమైంది అది దేనికోసమో. ఆ రెండు ప్యాచ్‌లూ కాంట్రాక్టర్ తన ఖర్చుతో మళ్ళీ వేయాల్సి వచ్చింది.

కథ అక్కడితో అయిపోలేదు. మళ్ళీ వేసే ముందు బాబాయ్ గారు నన్ను అక్కడికి తీసుకెళ్ళారు. పాత రిజిస్టర్ తీస్తే అదే చోట అంతకుముందు రెండుసార్లు పూడ్చినట్టుంది. అంటే తప్పు నా తడి గుంత ఒక్కటే కాదు. "నీరు పల్లమెరుగు అంటారు కదమ్మా. ఈ రోడ్డుకి పల్లం ఎటుందో చూడు" అన్నారు. ఒక చెంబుతో నీళ్ళు నడి రోడ్డు మీద పోశారు. నీళ్ళు అంచుదాకా వెళ్ళి ఆగిపోయాయి.

లెక్క చూడండి. అది 5.5 మీటర్ల వెడల్పు రోడ్డు. మధ్య నుంచి అంచుకి 2.75 మీటర్లు. రెండున్నర శాతం వాలు అంటే మధ్యకీ అంచుకీ దాదాపు ఏడు సెంటీమీటర్ల తేడా. అది సరిగ్గానే ఉంది. పక్కన బెర్ము రోడ్డు కంటే ఇంకా వాలుగా ఉండాలి. కానీ ఏళ్ళ తరబడి మట్టి, గడ్డి పేరుకుని అది తారు కంటే ఎత్తుగా, చేను గట్టులా లేచింది. తూము నోట్లో గుర్రపుడెక్క. నీళ్ళు పోయే దారి లేక అంచునే నిలబడి కింద పొరలోకి దిగుతున్నాయి. పైన ఎంత మంచి మాల్ వేసినా కింద నుంచి కుళ్ళిపోతుంది.

జేసీబీతో బెర్ము చెక్కించి, ముళ్ళకంప కొట్టించి, తూము తీయించాం. ఆ తర్వాతే గుంత పూడ్చాం. ఎండ రోజు చూసి, 150 డిగ్రీల మాల్‌తో, అన్ని గడులూ నింపి. ఆ వానాకాలం అంతా వారానికోసారి వెళ్ళి చూశాను. నిలబడింది. పాలాయన చెయ్యి కూడా నయమైంది. ఒకసారి బండి ఆపి, "ఈసారి గట్టిగానే వేశావమ్మా" అన్నాడు. నేను అందుకున్న అసలు సర్టిఫికెట్ అదే అనుకుంటాను.

ఇప్పుడు చేరబోయే వాళ్ళకి నాలుగు మాటలు. సొంత టేపు, సొంత నోటుబుక్, టోపీ, మంచి బూట్లు కొనుక్కోండి. ఆడపిల్లలైతే రోడ్డు పొడుగునా బాత్రూం ఉన్న బడి, సచివాలయం, పెట్రోల్ బంక్ ఎక్కడున్నాయో మొదటి వారమే తెలుసుకోండి. నీళ్ళు తాగడం మానేసి నేను రెండుసార్లు జ్వరం తెచ్చుకున్నాను. వాన పడుతున్నప్పుడు ఆఫీసులో కూర్చోకండి, గొడుగేసుకుని రోడ్డు మీదకి వెళ్ళండి. రోడ్డు జబ్బు వానలోనే బయటపడుతుంది. మీకు అధికారం లేదని ఎవరైనా అంటే ఒప్పుకోండి, కానీ చూసింది చూసినట్టు, ఆ రోజే రాయండి.

ఏడాది అయ్యాక ఆ ఆఫీసులో నాకు ఉద్యోగం రాలేదు. ఇప్పుడు ఒక కన్సల్టెన్సీలో క్వాలిటీ కంట్రోల్‌లో చేస్తూ ఏఈ పరీక్షకి చదువుకుంటున్నాను. మొన్న వానకి మా ఇంటి వీధిలో నీళ్ళు నిలబడితే నాన్న పార తీసుకుని గట్టు చెక్కుతున్నారు. "నీళ్ళకి దారిస్తే చాలే, రోడ్డు అదే ఉంటుంది" అన్నారు, నాకే పాఠం చెప్తున్నట్టు. నేను ఏమీ అనలేదు, రెండో పార తెచ్చుకున్నాను.

మీ ప్రశ్నలు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఎం-బుక్ ఎలా రాయాలో కొలతలతో సహా చూద్దాం. ఉంటానండి, నమస్తే.