రిఫైనరీలో కూలోళ్ల వాటా ఎంత?



రామాయపట్నం తీరాన ఆయిల్ రిఫైనరీ కోసం 2024 డిసెంబరులో బీపీసీఎల్ 6,100 కోట్లతో తొలి పనులకు పూనుకుంది. 2022 దాకా ఆ ఊరు మన ప్రకాశం జిల్లాదే. అభివృద్ధి అంటున్నారు, సంతోషమే! మిరపకాయలు కోసి, పత్తి తీసి బతికే మాల మాదిగలకు అందులో వాటా ఎంత?

అసైన్డ్ భూమికీ పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లోనే హైకోర్టు చెప్పింది. సెంటు భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ కూలి చేసి బతికే కుటుంబం బాధిత కుటుంబమేనని 2013 భూసేకరణ చట్టం చెబుతోంది. జాబితాలో పేరు ఎక్కకపోతే మాత్రం మనం లేనట్టే లెక్క.

ప్రభుత్వ కంపెనీ పర్మనెంటు పోస్టుల్లో రిజర్వేషన్ ఉంది. కాంట్రాక్టరు పెట్టుకునే కూలికి లేదు. గేటు బయట పారకి మనమూ, లోపల కుర్చీకి వాళ్లూనా? గ్రామసభలో లేచి అడగండి!